పులిని పట్టిన ఖైదీ

జనంలో కొడుకు చెయ్యి వదిలిపోవడం. హైమకు అన్నిటికంటే అదే భయం.

అందుకే ఒడిశాలోని బరంపురంలో ఠాకురాణి అమ్మవారి జాతరకు వచ్చిన దగ్గర్నుంచి నాలుగేళ్ళ తేజ చేతిని చెమట పట్టేలా పట్టుకుంది. వాడి జ్వరం తగ్గితే వేషం కట్టిస్తానని అమ్మవారికి మొక్కుకుంది. ఇవాళ వాడి ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, వెనక తోక. పులి.

వీధి నిండా మొక్కు వేషాలే. దేవుళ్ళు, పోలీసులు, ముసలి పెళ్ళికూతుళ్ళు. ఎదురుగా ఒక ఖైదీ వచ్చాడు. చొక్కా మీద నంబరు, మెడలో ఉరితాడు.

అత్తగారు సరస్వతమ్మ ఆగి ఎగాదిగా చూసింది. టీవీలో నేరాల వార్త ఒక్కటీ వదలని మనిషి.

“నీలాటోల్ని ఎంటనే ఉరి తీసీయాల. కూకోబెట్టి మేపకూడదు,” అంది.

చుట్టుపక్కల తెలుగువాళ్ళు నవ్వారు. ఖైదీ తలొంచుకుని, “అలాగేనమ్మా,” అన్నాడు.

పాపం, ఏదైనా పని నేర్పి పంపిస్తే మనిషవుతాడు కదా అంది హైమ. పని నేర్పితే కత్తి ఇంకా బాగా తిప్పుతాడంది అత్త. హైమకు పట్టుదల వచ్చింది. రెండు చేతులూ ఊపుతూ వాదించింది.

వాదన ముగిసేసరికి తేజ లేడు.

పులి కోసం వెతికితే వీధంతా పులులే. మూడు పులుల చేతులు పట్టుకుంది. మూడూ వేరే అమ్మల పిల్లలు. హైమ తేజా అని అరుస్తూ అటూ ఇటూ పరుగెత్తింది.

పావుగంటకు ఆ ఖైదీయే జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. భుజాల మీద తేజ, ఐసు చీకుతూ. హైమ వాణ్ణి లాక్కుని ఎత్తుకుంది.

ఎలా పోల్చావయ్యా అని అత్త అడిగితే, “ఒడియా పులుల్లో ఇదొక్కటే తెలుగులో ఏడుస్తంది,” అన్నాడు.

సరస్వతమ్మ కళ్ళు తుడుచుకుని, అతని మెడలో తాడు తన చేత్తోనే తీసేసింది.

“పో. నీ ఉరి రద్దు సేసీసినాను.”

అందరూ నవ్వారు. ఖైదీ నవ్వలేదు. వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

తొమ్మిదో తరగతితో చదువాపి కుట్టుమిషను నేర్చుకున్న హైమ కళ్ళు అతని చొక్కా మీద పడ్డాయి. కుట్టు ఎంత తిన్నగా ఉందో.

“ఈ ఏషం ఏ కొట్లో అద్దెకు తెచ్చినావన్నా? ఏటి మొక్కు నీది?”

“జడ్జీగారు నాకేసిన ఉరి రద్దయి బయటికొస్తే, జైల్లో నేను కుట్టుకున్న ఈ బట్టల్తోనే జాతర జాతరకీ వొస్తానని అమ్మోరికి మొక్కినానమ్మా.”