చెయ్యి పట్టుకునే పని

పళ్ళు పీకడం, కట్టడం అన్నీ యంత్రాలే చేస్తున్నాయి. దంతవైద్యంలో మనుషులకు మిగిలిన ఉద్యోగం ఒక్కటే, కుర్చీలో భయపడుతున్నవాళ్ళ చెయ్యి పట్టుకోవడం. ముప్పై ఏళ్ళు డెంటల్ కాలేజీని గడగడలాడించిన ప్రొఫెసర్ విశ్వమోహన్ ఆ పని నేర్చుకోవడానికి వచ్చాడు. నేర్పేది ఒకప్పటి తన స్టూడెంట్ హైమ.

"పన్ను పీకేటట్టు పట్టుకోకండి సార్. కాస్త వదులుగా," అంది, తన చెయ్యి అతని చేతికిచ్చి.

విశ్వమోహన్‌కి తల కొట్టేసినట్టయింది. వణికిపోతున్న ఓ ముసలమ్మ చెయ్యి పట్టుకుందని, "నువ్వు డాక్టరువా, ఆయావా?" అంటూ అప్పట్లో అందరి ముందూ తను వార్డులోంచి గెంటేసింది ఈ పిల్లనే.

"ఆ రోజు... గుర్తుందా అమ్మా?" అని నసిగాడు.

"గుర్తుంది సార్. ఆ ముసలమ్మ పేరు గుర్తుందా మీకు?"

విశ్వమోహన్‌కి గుర్తున్నది ఆవిడ పన్నొక్కటే. కింది దవడ, ఎడమవైపు, చివరిది.