రెఫరీ ఎవరి మనిషి?

రెఫరీ అమ్ముడుపోయాడని ఊరంతా నమ్మింది. ఎవరికి అమ్ముడుపోయాడన్నదే ఎవరికీ అంతుపట్టలేదు.

ఆట మొదలైన దగ్గర్నుంచి ధర్మరాజులా ఉంటాడు. ఆఖరి నిమిషం వచ్చేసరికి ఏదో పూనినట్టు ఈల ఊదుతాడు. పడిన బుట్టను పడలేదంటాడు. తగలని చెయ్యి తగిలిందంటాడు. పోనీ ఒకే జట్టుకు కొమ్ము కాస్తాడా అంటే అదీ లేదు. ఈ వారం వీళ్ళకు అన్యాయం, వచ్చే వారం వాళ్ళకు. పందేలు కాసేవాళ్ళు సైతం ఆయనకో దండం పెట్టి పందేలు మానుకున్నారు.

చివరికి బాస్కెట్‌బాల్ సంఘం కార్యదర్శి ఒక రిటైరైన పోలీసు అధికారిని పిలిపించాడు. ఉద్యోగంలో ఉండగా ఆయనకు 'డేగకన్ను' అని పేరు. ఆ పేరు పెట్టుకున్నది ఆయనే. భార్య మాత్రం, "నెత్తిమీద కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికే డేగ" అనేది.

"వాడి గుట్టు రట్టు చెయ్యండి చాలు సార్, మిమ్మల్ని సంఘానికి శాశ్వత సలహాదారుగా వేసుకుంటాం," అన్నాడు కార్యదర్శి. "నిజం చెప్పొద్దూ, వాడొచ్చాక జనం రెట్టింపయ్యారు. ఆటకంటే గొడవే బాగుందంటున్నారు. కానీ సంఘం పరువు కూడా చూసుకోవాలి కదా."

సలహాదారు అన్న మాట డేగకన్ను చెవిలో తేనె పోసినట్టయింది. రిటైరయ్యాక ఆయన్ని సలహా అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇంట్లో ఏం కూర వండాలని కూడా అడగటం లేదు.

ఫైనల్ నాడు వెళ్ళి కోర్టు పక్కనే కూర్చున్నాడు. స్టేడియంలో ఇసకేస్తే రాలనంత జనం. ఆయన బంతిని చూడలేదు, ఆటగాళ్ళను చూడలేదు. రెప్ప వెయ్యకుండా రెఫరీనే చూశాడు. చెమట తుడుచుకుంటే అదేమైనా సంకేతమా? బూటు తాడు బిగించుకుంటే ఎవరికో సైగా?

పక్క సీట్లోని పెద్దావిడ వేరుశనగల పొట్లం చాపింది. "తీసుకో నాయనా."

"వద్దండీ. నేను పనిమీదున్నాను," అన్నాడు గంభీరంగా.

"కూర్చునే ఉన్నావుగా! ఏం పని?"

"కళ్ళు తెరుచుకుని ఉండటం."

"మంచి పని నాయనా. ఈ రోజుల్లో అదెవరు చేస్తున్నారు?" అంది ఆవిడ, ఎంతో మెచ్చుకోలుగా.

ఆట చివరి సెకన్లలోకి వచ్చింది. పసుపు జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. వాళ్ళ ఆటగాడొకడు బంతి పట్టుకుని బుట్టవైపు దూసుకొచ్చాడు. నీలం జట్టు కెప్టెన్ అడ్డంగా నిలబడ్డాడు. ఇద్దరూ ఢీకొని దబ్బున పడ్డారు. బంతి వెళ్ళి బుట్టలో పడింది. ఈల మోగింది.

కదలకుండా నిలబడినవాడి మీదికి దూసుకెళ్తే తప్పు దూసుకెళ్ళినవాడిది. ఆఖరి క్షణంలో కదిలి అడ్డమొస్తే తప్పు అడ్డమొచ్చినవాడిది. కన్ను మూసి తెరిచేలోగా తేల్చాల్సిన సంగతి. రెఫరీ తేల్చేశాడు: తప్పు పసుపు జట్టుది, బుట్ట చెల్లదు.

ఎడమవైపు జనమంతా ఒక్క ఉదుటున లేచారు. వేల చేతులు గాల్లోకి లేచాయి. రెఫరీ ఆ కేకలన్నీ కాసేపు విన్నాడు. తల గోక్కున్నాడు. స్కోరు బల్ల దగ్గరికి పెళ్ళినడకలు నడిచి వెళ్ళి, అంతే తీరిగ్గా తిరిగొచ్చి తీర్పు మార్చాడు: తప్పు నీలం జట్టుది, బుట్ట చెల్లుతుంది.

ఈసారి కుడివైపు జనం లేచారు.

"అన్యాయం! చూస్తూ కూర్చుంటావేం నాయనా? లే, కేకలెయ్యి!" అంటూ పెద్దావిడ డేగకన్ను చెయ్యి పట్టి లేపింది. ఆయన కాలేజీలో నీలం బనీను వేసుకుని ఆడినవాడు. రక్తం ఊరుకుంటుందా? కుర్చీ ఎక్కి, రెండు చేతులూ ఎత్తి గొంతు చించుకున్నాడు. పనిమీదున్న సంగతి గుర్తొచ్చేసరికి పసుపు జట్టు కప్పు ఎత్తేసింది. నీలం జట్టు కెప్టెన్ నేలమీద కూలబడి, మొహం బనీనులో దాచుకుని ఏడుస్తున్నాడు.

ఆ ఏడుపు చూసి డేగకన్ను మండిపడుతూ రెఫరీ గదిలోకి వెళ్ళాడు. సంచీ బోర్లించాడు. ఒక తువ్వాలు, మోకాళ్ళకు రాసుకునే మందు. చిల్లిగవ్వ లేదు.

"ఎవరికి అమ్ముడుపోయావయ్యా?"

"అమ్ముడుపోయినవాణ్ణి ఇలాంటి బూట్లేసుకుంటానా సార్?" రెఫరీ నోరు తెరిచిన బూటు చూపించాడు. "ఆ క్షణానికి ఏది కనిపిస్తే అది ఊదేస్తాను. జనం అరిస్తే హడలిపోయి మార్చేస్తాను. పిరికి పుట్టుక సార్ నాది."

డేగకన్ను మనసు వెన్నలా కరిగింది. "ఎంతమంది దొంగల్ని చూశాను! నీవి దొంగకళ్ళు కావు, మసక కళ్ళు. రేపే డాక్టరుకు చూపించుకో," అన్నాడు. కోపంతో ఊగిపోతున్న జనం చెయ్యి చేసుకోకుండా, భుజంమీద చెయ్యేసి తానే గేటు దాకా తీసుకొచ్చాడు.

బయట వ్యాను ఆగి ఉంది. లోపల రెఫరీ భార్య, ఇద్దరు బావమరుదులు, మరదలు. ముందు సీట్లో వేరుశనగల పెద్దావిడ.

"మా అత్తగారు సార్."

"అయితే ఇంటిల్లిపాదీ నీ ఆట చూడ్డానికి వస్తారన్నమాట!"

"ఒక్క మ్యాచ్ కూడా వదలరు సార్. కాకపోతే ఒకచోట కూర్చోరు, తలో దిక్కు," అంటూ ఎక్కి కూర్చున్నాడు రెఫరీ.

"వెళ్ళొస్తాం నాయనా, జాగ్రత్త," అంది పెద్దావిడ. వ్యాను కదిలింది.

మంచి కుటుంబం, అనుకున్నాడు డేగకన్ను. రెఫరీ మచ్చలేని మనిషని కార్యదర్శికి ఫోను చేసి చెబుదామని జేబులో చెయ్యి పెట్టాడు. ఫోను లేదు. రెండో జేబులో పర్సు లేదు. చేతికి గడియారం లేదు. వెనక స్టేడియం మెట్లమీద జనం ఒకరి తర్వాత ఒకరు జేబులు తడుముకుంటూ గొల్లుమంటున్నారు.

ఆఖరి నిమిషంలో రెఫరీ ఏ జట్టు కోసం ఈల ఊదుతాడో డేగకన్నుకు అప్పుడు అర్థమైంది. ఆ జట్టు మొత్తం వ్యానులో మలుపు తిరిగి వెళ్ళిపోయింది.