జమున టీచర్ శిష్యుడు

"ఇయ్యాల గూడ ఏడింటికేనా?" టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కుతూ అడిగింది కనకలక్ష్మి. "బడి తొమ్మిదింటికి గదా!"

"జమున టీచర్ క్లాసుంటది. లేటైతే ఊకోదు," అన్నాడు శ్రీపాల్, అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటూ.

ఆ దువ్వుకోవడమే కనకలక్ష్మికి నచ్చలేదు. పాలకుర్తిలో కాపురం పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. మొగుడు బడికి పోయేముందు అద్దం ముందు నిలబడగా ఆమె ఎన్నడూ చూడలేదు.

శ్రీపాల్ ఇరవై రెండేళ్ళు టీచరుగా చేసి, ఈ మధ్యనే పదోన్నతి మీద కొడకండ్ల అవతల ఒక తండా బడికి హెడ్మాస్టరుగా వెళ్ళాడు. చుట్టుపక్కల ఎక్కడ టీచర్లకు శిక్షణ జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉండేది. 'బడికి నాయకత్వం' అనే అంశం మీద గంటన్నర మాట్లాడి, మంచినీళ్ళు తాగి, మరో గంట మాట్లాడగలడు. అంతటి మనిషి మాటలు తండాలో మొదటి రోజే పనికిరాకుండా పోయాయి.

బడిలో మిగిలింది ముగ్గురే పిల్లలు. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమం ముగిసేలోగా కొత్తవాళ్ళు చేరకపోతే తాళం వేయాల్సిందేనని పైనుంచి ఫోన్ వచ్చింది. శ్రీపాల్ ఇల్లిల్లూ తిరిగాడు. ఆడవాళ్ళు ఆయన తెలుగు ప్రసంగమంతా ఓపిగ్గా విని, లంబాడీలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. చివరికి తండా పెద్ద హీర్యా అసలు సంగతి చెప్పాడు.

"సారూ, మా చిన్న పోరగాండ్లకు తెలుగు రాదు. మీకు మా మాట రాదు. బడిల కూసోని ఒకరి మొఖం ఒకరు చూసుకుంటరా? అందుకే ఈ ఏడు ప్రైవేటు వ్యాన్ బడికి తోలుదమనుకుంటున్నం."

"ఆ బడిల మీ మాటల చెప్తరా?"

"చెప్పరు. గని వ్యానన్న వస్తది గదా!"

 శ్రీపాల్ పట్టిన ఇన్నేళ్ళ మైకులో ఒక్కసారి కూడా ఈ ప్రశ్న రాలేదు.

మర్నాడే జమున టీచర్ దొరికింది. రోజూ పొద్దున్నే బడి వరండాలో గంట పాఠం. టీచర్ అరుగు మీద, హెడ్మాస్టర్ కింద చాప మీద.

జమున టీచర్ నోట తెలుగు ఒక్క ముక్క రాదు. నీళ్ళ బిందె చూపించి "పాణి" అంటుంది. రొట్టె చూపించి "బాటి" అంటుంది. శ్రీపాల్ తప్పు పలికితే "కోని, కోని!" అని తల అడ్డంగా ఊపుతుంది. మూడోసారీ తప్పితే పొట్ట పట్టుకుని నవ్వుతుంది. సరిగ్గా చెప్పిన రోజు తన రొట్టెలో సగం తుంచి ఇస్తుంది. శ్రీపాల్ అన్నీ డైరీలో రాసుకునేవాడు. 'బోధనోపకరణాలు: బిందె, రొట్టె, మేక. పాఠ్య పథకం: లేదు. ఫలితం: అమోఘం.' తను ఇచ్చిన శిక్షణలన్నీ తలుచుకుంటే సిగ్గేసింది. ఆ వెంటనే, ఈ వయసులో మళ్ళీ కింద కూర్చుని నేర్చుకుంటున్నందుకు భలే సంతోషమేసింది.

ఇంట్లో మాత్రం పరిస్థితి వేరు. వారం నుంచీ అన్నం దగ్గర కూడా జమున టీచరే.

"ఏడ చదువుకున్నదట?" అడిగింది కనకలక్ష్మి.

"గసొంటి పద్ధతి ఏ కాలేజీల నేర్పరు, కనకం."

"ఎట్లుంటది?"

"బొద్దుగ. నవ్వితే బుగ్గ సొట్టవడ్తది."

"పెండ్లయిందా?"

శ్రీపాల్‌కు పొలమారింది. "అడగలే," అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆ లేచేటప్పుడు నవ్వుతున్నాడని ఆమె కచ్చితంగా చూసింది.

బడిబాట చివరి రోజు తండావాళ్ళతో సమావేశం. శ్రీపాల్ స్కూటర్ సందు మలుపు తిరగ్గానే కనకలక్ష్మి పట్టుచీర కట్టుకుని ఆటో ఎక్కింది.

ఆమె వెళ్ళేసరికి బడి ముందర తండా అంతా కూర్చుని ఉంది. శ్రీపాల్ చేతిలో మైకు లేదు, కాగితం లేదు. తల్లులను "యాడీ" అని పిలిచి లంబాడీలో మొదలుపెట్టాడు.  రెండో వాక్యంలోనే తప్పు దొర్లింది. ముందు వరసలోని ముసలామె "కోని!" అని సరిదిద్దింది. ఆయన సరిచేసుకుని మళ్ళీ చెప్పాడు. తండా గొల్లుమంది, ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే చెప్పుకుపోయాడు. కనకలక్ష్మికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మొగుడి మెడ మీద కారుతున్న చెమట, కళ్ళు తుడుచుకుంటున్న తల్లులు కనిపించారు. వచ్చిన పని మరిచిపోయి ఆమె అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది.

హీర్యా లేచాడు. "సారూ, తప్పులు మస్తుగున్నయి. గని మా కోసం గింత కష్టవడి నేర్చినోడు మా పోరగాండ్లను గాలికి ఇడిసిపెట్టడు. వ్యాన్ వద్దు, గీ తొమ్మిది మందిని రాస్కోండ్రి!"

 బడి బతికింది. శ్రీపాల్ ప్రవేశాల రిజిస్టరు తెరిచి రాయడానికి కూర్చున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది కనకలక్ష్మికి. జనాన్ని తోసుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది. "సంతోషమే గని, గా జమున టీచర్ యేది? నాకు జర చూపియ్యుండ్రి," అంది, ఆడవాళ్ళందరి బుగ్గలూ పరీక్షగా చూస్తూ.

 శ్రీపాల్ మొదటి వరుస రాయడం పూర్తిచేసి, రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు.

జమున, తండ్రి హీర్యా, వయసు ఆరేళ్ళు.