గో అన్న మాట

డాక్టర్లు కూడా తెలుగులోనే చదువుకుని వస్తూ, ఆసుపత్రుల్లో అనువాదమంతా యంత్రాలే చేస్తున్న రోజులవి. వాటికి అర్థం తేలని మాటలు కాకినాడలో ఇంటి నుంచే పనిచేసే నాగరత్నానికి వచ్చేవి. ఆ ఉదయం ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా తెర మీద "లెట్ హర్ గో" అని కనిపించింది. స్పృహలేని భార్య గురించి, తెలుగు రాని భర్త డాక్టరుకు చెప్పిన మాట అది. కింద రెండు మీటలున్నాయి: ఇంటికి పంపండి, వెంటిలేటర్ తీసేయండి.

నాగరత్నం ఏ మీటా నొక్కలేదు. నిబంధనలు ఒప్పుకోకపోయినా ఆయనకే ఫోన్ చేసి, తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది.

"ఎక్కడికి పంపమంటారండీ?"



"ముందు ఇంటికండీ. తన గదిలో పడుకోబెట్టాక, అప్పుడు తీసేయమనండి."

దానికి మీట లేదు. ఆ రెండు వాక్యాలూ నాగరత్నం తనే తెలుగులో రాసి డాక్టరుకు పంపింది.