మిసెస్ థార్న్‌వెల్ గారి తోటమాలి

లూషస్ రోజా మొక్కల మధ్యే కూలబడ్డాడు. చేతిలోని కత్తెర జారిపోయింది. కుడి చెయ్యి తనది కానట్టు వేలాడింది. అరుద్దామంటే నాలుక మడతపడింది.

అప్పుడు టైము తొమ్మిదీ పది. భార్య ఆర్వెల్లా అతన్ని ఎలాగో కారులోకి ఈడ్చి, తొమ్మిదిన్నరకల్లా ఆసుపత్రికి చేర్చింది. మిసిసిపీలో ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లకీ అదొక్కటే ఆసుపత్రి.

ఎమర్జెన్సీ బల్ల వెనక తెల్ల నర్సు డార్లీన్ కూర్చుని ఉంది. ముందు లూషస్ మోకాళ్ల మీది మట్టి చూసింది. తర్వాత నల్లటి మొహం చూసింది. వంకరపోయిన మూతి మాత్రం ఆవిడ కంటికి ఆనలేదు.

"పొద్దున్నే పట్టించాడా?"

"ఆయన మందు ముట్టడమ్మా. చర్చిలో పెద్ద. ప్రభు భోజనానికి కూడా మాకు పులియని ద్రాక్షరసమే. ఇది పక్షవాతం. పడి ఇరవై నిమిషాలైంది. నెత్తురు గడ్డ కరిగించే సూది ఎంత తొందరగా పడితే అంత..."

"డాక్టరువి నువ్వా, లోపలున్నాయనా? కూర్చోండి. పిలుస్తాం."

కూర్చున్నారు.

లూషస్‌కి మాట పడిపోయింది గానీ చెవులూ బుర్రా భేషుగ్గా ఉన్నాయి. తల పైన గోడకి ఓ పోస్టరు ఉంది. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా ఒక్క క్షణం ఆలస్యం చెయ్యొద్దని దాని మీద ఇంతింత అక్షరాలు. పక్కనే నవ్వుతున్న తెల్ల తాతగారి బొమ్మ. ఆ మూడూ ఒంటి మీద వేసుకొచ్చిన మనిషిని తీసుకెళ్లి సరిగ్గా దాని కిందే కూర్చోబెట్టింది డార్లీన్. పోస్టరుకి ఇంతకన్నా మంచి నమూనా దొరకదనుకుందేమో.

పావుగంటకి గోల్ఫ్ టోపీ పెట్టుకున్న తెల్లాయన ఒకడు వచ్చాడు. మూతి మొద్దుబారిందన్నాడు. డార్లీన్ కుర్చీని వెనక్కి తన్ని లేచింది. చక్రాల మంచం పరిగెత్తుకొచ్చింది. ఇద్దరు డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. తలకి స్కానింగు తీశారు. అరగంటకి ఆ పెద్దమనిషి నవ్వుకుంటూ బయటికొచ్చాడు. పన్ను పీకించుకుని నేరుగా ఇటే వచ్చాట్ట. మత్తు ఇంకా దిగలేదట.

"ఎందుకైనా మంచిదని చూశాం సార్," అంది డార్లీన్ వెన్న పూసిన గొంతుతో.

ఆర్వెల్లా లేచి బల్ల దగ్గరికెళ్లింది. "అమ్మా, మా ఆయన..."

"మళ్లీ వచ్చావా? ఇలా ప్రాణం తీస్తే సెక్యూరిటీని పిలవాల్సొస్తుంది. తెలిసిందా?"

ఆర్వెల్లా ఆవిణ్ణి ఎగాదిగా చూసింది, అన్నంలో వచ్చిన పురుగుని చూసినట్టు. "బాత్రూమ్ ఎటమ్మా?" అని మాత్రం అడిగింది.

ఆమె అటు వెళ్లిన రెండు నిమిషాలకి బల్ల మీద ఫోన్ మోగింది.

"హలో, ఎవరూ? మిసెస్ థార్న్‌వెల్ గారా! చెప్పండమ్మా." డార్లీన్ నడుం దానంతటదే నిటారైంది. "మీ తోటమాలా? లూషసా? ఆఁ, మోకాళ్లకి మట్టంటుకున్నతనేగా, ఇక్కడే ఉన్నాడమ్మా... అబ్బే, ఎవరూ అశ్రద్ధ చెయ్యలేదమ్మా... మా ఆసుపత్రి ఛైర్మన్ గారి దాకా ఎందుకండీ! ఇదిగో, ఇప్పుడే, ఇప్పుడే!"

లూషస్ నోరు తెరుచుకుంది, తెరుచుకోగలిగినంత మేర.

మళ్లీ అదే మంచం. అదే ఇద్దరు డాక్టర్లు. ఇందాక తాగుబోతుగా కనబడ్డవాడు ఇప్పుడు అర్జంటు రోగిగా కనబడ్డాడు. తలలో ఎడమవైపు నెత్తురు గడ్డ కట్టిందన్నారు. పదకొండు కొట్టేసరికి సూది పడింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కినా మాట దక్కేది కాదని చిన్న డాక్టరు చెప్పాడు, అదేదో తన ఘనతే అయినట్టు.

సాయంత్రానికి కుడిచేతి వేళ్లు కదిలాయి.

డార్లీన్ డ్యూటీ దిగి పోతూ గదిలోకి తొంగి చూసింది. "అదృష్టవంతుడివోయ్ లూషస్! అంత మంచి దొరసాని దగ్గర పని దొరకడమంటే మాటలా? వెంటనే చూశానని ఆవిడతో నా పేరు చెప్పండేం?"

"తప్పకుండా చెబుతానమ్మా," అంది ఆర్వెల్లా వినయంగా.

చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా లూషస్ ఆగాడు. నాలుకని కూడదీసుకున్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది, అయినా వచ్చింది.

"ఎవరే ఆ దొరసాని? నలభై ఏళ్లు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. నా పెరట్లో నా రోజాలు కత్తిరించుకుంటుంటే... నేనెవరికి తోటమాలినే?"

ఆర్వెల్లా తలుపు మూసొచ్చి, మెడ పైకెత్తి, ముక్కుతో సాగదీస్తూ అచ్చం తెల్ల దొరసాని గొంతుతో అంది: "నాకేనోయ్, లూషస్!"