మెత్తని జత

"అమ్మా, ఆ గట్టివి తీసుకోకండి."

స్పేర్‌పార్ట్స్ దుకాణంలో ఓ మూల స్టూలు మీంచి వచ్చిందా మాట.

ఆమె తిరిగి చూసింది. నలిగిన చొక్కా, కాళ్ళ దగ్గర చేతిసంచి, ఎడమచేతికి చివరి రెండు వేళ్ళూ లేని ఒక ముసలాయన.

"బస్సుకి టైముందని నీడకి కూర్చున్నాడులెండి. మీరు కానివ్వండి," అన్నాడు దుకాణదారు.

అసలే ఆమె గుండె గుప్పిట్లో ఉంది. రేపు పొద్దున్నే పందెం. తుక్కులో కొని, రెండేళ్ళు ప్రాణం పెట్టి భర్త బాగుచేసుకున్న పాత రేసుకారు. కిందటిసారి వెనక షాక్ అబ్జార్బర్లో నూనె కారిపోయి, మలుపులో బండి గిర్రున తిరిగి టైర్ల గోడని రాసుకుంది. అసలువి తెప్పించాలంటే సముద్రాలు దాటి రావాలి, ఆ ధరకి ఇంకో కారే వస్తుంది. ఇంకే బండివైనా సరిపోతాయేమో చూసి తెమ్మని, పాడైనదాన్ని పాత పేపర్లో చుట్టి ఆమెని పంపాడు.

"ఇవి సామాను మోసే వ్యానువమ్మా. పొడవు సరిగ్గా అంతే. ఎంత గట్టివైతే అంత భద్రం!" అన్నాడు దుకాణదారు.

భద్రం అన్న ఆ ఒక్క మాట కోసమే ఆమె వచ్చింది.

ముసలాయన లేచొచ్చి, పాత షాకుని చేతిలోకి తీసుకున్నాడు. జిడ్డని కూడా చూడకుండా నిమిరాడు.

"ఈ బండి ఇంకా తిరుగుతోందా?"

"తిరక్కేం! రేపు పందేనికి దిగుతోంది."

"ఒళ్ళంతా పల్చటి రేకే తల్లీ దానికి. బరువెక్కడుంది? గట్టివి వేస్తే చక్రం నేలని పట్టుకోదు, గెంతుతుంది."

పక్కనున్న కుప్పలోంచి చిన్నకారు షాకులు తీశాడు. ఒక్కొక్కటీ నిలబెట్టి అదిమాడు, లాగాడు, పక్కన పడేశాడు. రెండు ఒకేలా కదిలేదాకా ఊరుకోలేదు.

"ఇవీ కవలలు. ఇవి వేయించండి."

"మరీ ఇంత మెత్తగానా?"

"తలగడలనుకున్నాడమ్మా పెద్దాయన!" దుకాణదారు నవ్వాడు.

ముసలాయన నవ్వలేదు. "బండి దగ్గర్లోనే ఉందా? ఒక్కసారి చూసి పోతాను."

"ఇప్పుడు కుదరదండీ, ఆయన పనిలో ఉన్నారు."

గట్టివే కట్టించుకుని బయటపడింది.

షెడ్డులో వాటిని బిగించేసరికి సాయంత్రమైంది. భర్త సీట్లో కూర్చుని ఎప్పటి సణుగుడే సణిగాడు. "ఈ గేరు పిడి చెక్కినవాడు లెక్కల్లో సున్నా! అన్ని వేళ్ళకీ గుంటలే లేవు. మిగతావి జేబులో పెట్టుకోనా?"

ఆమెకి నవ్వు రాలేదు.

షెడ్డు వెనక ఖాళీ రోడ్డు. మొదటి మలుపులోనే వెనక చక్రాలు నేల విడిచి గెంతాయి. బండి పక్కకి ఈడ్చుకుపోయి, కాలువ అంచున ఆగింది.

భర్త దిగి, వంగి వెనక చక్రాలకేసి చూశాడు.

"చెప్పాడండీ... గెంతుతుందని చెప్పాడు!"

"ఎవరు?"

ఆమె అప్పటికే దుకాణం వైపు పరుగెత్తింది.

స్టూలు ఖాళీగా ఉంది. దుకాణదారు ఆమె ముఖంలోకి చూడకుండా, తాడుతో కట్టిన జతని బల్ల మీద పెట్టాడు.

"మీరు మళ్ళీ వస్తారనీ, ఇంకెవరికీ అమ్మొద్దనీ చెప్పి వెళ్ళాడమ్మా. బస్సు ఇందాకే పోయింది."

"ఏ ఊరు? పేరేమిటి?"

"అడగలేదమ్మా."

చీకటి పడేలోగా ఆ మెత్తని జతే ఎక్కింది. అదే మలుపు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. బండి నేలకి అతుక్కుని, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించినట్టు తిరిగి వచ్చింది.

"ఎవరాయన? నా ప్రాణం నిలబెట్టాడు," అన్నాడు భర్త, సీట్లోంచే.

"బస్సు కోసం కూర్చున్నాడు. బండిని ఒక్కసారి చూస్తానన్నాడండీ పాపం. నేనే కుదరదన్నాను."

"ఎలా ఉంటాడు?"

"ముసలాయన. ఎడమచేతికి చివరి రెండు వేళ్ళూ లేవు."

భర్త గేరు పిడి మీంచి మెల్లగా చెయ్యి తీశాడు.

ఏళ్ళ తరబడి ఒకే చెయ్యి పట్టి నున్నగా అరగదీసిన ఆ చెక్కలో, సరిగ్గా మూడు వేళ్ళకే చోటుంది.