ఉప్పు జాడీ చోటు

సత్యవాణి ఫ్యాక్టరీలో వృథా అడుగులు తగ్గించే ఇంజనీరు. అక్కడ ఆ ఉద్యోగంలో మొదటి ఆడమనిషి ఆవిడే. ఆదివారం కొత్తపేట ఇంట్లో అత్తగారు కనకమహాలక్ష్మి వంట చేస్తుంటే, పక్కన నిలబడి అడుగులు లెక్కపెట్టింది.

ఒక్క పూట వంటకి నాలుగు వందలు! అందులో సగం ఉప్పుకే. ఉప్పు జాడీ దొడ్లో, కొబ్బరికాయల కొట్టుగదిలో ఉంది మరి.

సత్యవాణి దాన్ని తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. "ఇంక తిరగక్కర్లేదండీ అత్తయ్యగారూ."

"సరేనమ్మా," అన్నారావిడ.

సాయంత్రానికి జాడీ మళ్ళీ కొట్టుగదికి చేరింది.

"అసలంత దూరంలో ఎవరు పెట్టేరండీ దీన్ని?"

"నేనేనమ్మా, కాపురానికొచ్చిన ఏడాది. పద్నాలుగు మందికి వండేదాన్ని. కాసేపు కూర్చుంటే ఊరుకునేవారు కాదు. ఉప్పుకెళ్ళేనంటే మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు."

సత్యవాణి జాడీ జోలికి మళ్ళీ వెళ్ళలేదు.

సోమవారం వంట సత్యవాణిదే. వండి, క్యారేజీలు కట్టి, ఏడింటి బస్సు అందుకోవాలి. కూరలో ఉప్పు వేయడం ఎప్పుడో అయిపోయింది.

"వాణీ, ఎక్కడున్నావ్?" వంటింట్లోంచి భర్త కేకేశాడు.

కొట్టుగదిలో కొబ్బరికాయల బస్తా మీద కూర్చుని, గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది సత్యవాణి.

"ఉప్పుకొచ్చేనండీ!"